నివేదికలకూ ఏడాదికోసారి జమాబందీ పెట్టాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. సమీక్షా సమావేశాల వార్తలు జిల్లా పేజీల్లో వారానికి రెండు మూడైనా వస్తుంటాయి. శాఖలు మారతాయి, అధికారులు మారతారు, ‘లెక్కల్లో తేడాలపై ఆగ్రహం’ అన్న ముక్క మాత్రం మారదు. వేరుశనగ ఎన్ని ఎకరాల్లో వేశారని అడిగితే ఒక తెర ఒక అంకె చూపిస్తుంది, పక్క తెర ఇంకో అంకె చూపిస్తుంది. కింది ఉద్యోగి నీళ్లు నములుతాడు. సమావేశం ముగిసేలోపు అతనికి ఒక మెమో, కంప్యూటర్ విభాగానికి ‘కొత్త డాష్‌బోర్డు (అంకెలన్నీ ఒకేచోట చూపే తెర) చేయండి’ అన్న ఆదేశం సిద్ధమవుతాయి. నెల తిరిగేసరికి రెండు అంకెలు మూడవుతాయి.

ఇది ప్రభుత్వ శాఖల జబ్బే అనుకోనక్కర్లేదు. వందల బ్రాంచీలున్న బ్యాంకు, ఊరూరా పాలు పట్టే డెయిరీ, సిమెంటు ఫ్యాక్టరీ, నాలుగైదు ఊళ్లలో ఆసుపత్రులు నడిపే సంస్థ, ఎక్కడ చూసినా ఇదే తంతు. నివేదికలు తయారుచేసే పనిలో ఉన్నవాళ్లుగా మేము చెప్పదలచింది ఒక్కటే. తప్పు చాలాసార్లు మనిషిది కాదు, సాఫ్ట్‌వేరుదీ కాదు. ఆ అంకె అంటే ఏమిటో ఎవరూ కాగితం మీద పెట్టలేదు, దానికి జవాబుదారీ ఎవరో తేల్చలేదు, కాలం చెల్లిన పాత నివేదికను ఎవరూ తీసెయ్యలేదు.

ఈ మూడూ చేసే పద్ధతి ఎక్కడినుంచో తెచ్చుకోవాల్సిన పని మన సీమకు లేదు. 1800లో మన సీమ ఉన్న దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే రైతువారీకి పునాది వేశాడు. ఆ రైతువారీ నడిచింది ఊరి లెక్కల మీదే. కరణం ఏ చేనులో ఏ పంట ఉందో చూపే అడంగల్ రాసేవాడు. పైవాళ్లు చేను గట్టు మీదికి వచ్చి అజమాయిషీ చేసేవాళ్లు. ఏడాదికోసారి జమాబందీలో ఊరి లెక్కలన్నీ పరిచి, సరిచూసి, సంతకం పెట్టేవాళ్లు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. కరణాల చేతివాటం కథలు ప్రతి పల్లెలోనూ ఉన్నాయి కాబట్టి ఆ రోజులే మంచివని అనబోవడం లేదు. కానీ ఆ లెక్కకు ఒక నమూనా ఉండేది, రాసినవాడు ఎవరో తెలిసేది, సరిచూసే రోజు ఒకటి ఉండేది. లక్షలు పోసి కట్టిన ఇప్పటి డాష్‌బోర్డుల్లో చాలావాటికి ఈ మూడూ లేవు.

మొదట నమూనా సంగతి. ‘నిన్నటి వర్షపాతం’ అన్న రెండు మాటలు చూడండి. ఇంతకన్నా తేలికైన లెక్క ఉండదనిపిస్తుంది. వాతావరణ శాఖ పద్ధతిలో వర్షపు రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు ఉదయం 8.30కి ముగుస్తుంది, ఆ కొలత ముగిసిన రోజు తేదీ కింద పడుతుంది. తొమ్మిదో తేదీ రాత్రి పదింటికి కళ్యాణదుర్గంలో కురిసిన వాన పదో తేదీ లెక్కలోకి వస్తుందన్నమాట. ఆటోమేటిక్ కేంద్రాల నుంచి గంటగంటకూ వచ్చే డేటాను తీసుకుని అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కూడే ఇంకో డాష్‌బోర్డు దాన్ని తొమ్మిదిలో వేస్తుంది. మన దగ్గర వానలు సాయంత్రం, రాత్రి ఉరుములతో పడేవే ఎక్కువ కాబట్టి ఈ తేడా ఎప్పుడో ఒకసారి వచ్చేది కాదు, సీజనంతా వస్తూనే ఉంటుంది. రెండు అంకెలూ నిజమే, ఎవరూ తప్పు రాయలేదు. కానీ సమావేశంలో అది అబద్ధంలా కనిపిస్తుంది. ఇంకో చిక్కు: సాధారణం కంటే 19 శాతం అటూ ఇటూ ఉంటే ‘సాధారణ’ వర్షపాతం, 20 నుంచి 59 శాతం తగ్గితే ‘లోటు’. ఒక మండలంలో 19.6 శాతం తగ్గిందనుకోండి. దశాంశం వదిలేస్తే సాధారణం, దగ్గరి అంకెకు సవరిస్తే లోటు. ఏ పద్ధతి పాటించాలో ముందే రాసిపెట్టుకోకపోతే కరువు మాట ఎత్తినప్పుడల్లా తగువే.

‘2024-25’ అన్న శీర్షికా అంతే. ఖజానా లెక్కలో అది ఏప్రిల్ నుంచి మార్చి. సాగునీటి లెక్కలో జూన్ నుంచి మే. రెవెన్యూ వాళ్లకు ఫసలీ 1434, అంటే 2024 జులై నుంచి 2025 జూన్ వరకు. ఈ మూడు శాఖల పట్టికల్నీ ‘2024-25’ అన్న ఒకే కాలమ్ మీద కలిపేస్తే తెర మీద బొమ్మ చక్కగా వస్తుంది, లెక్క మాత్రం చెడుతుంది. తేదీల పట్టిక ఒక్కటే ఉండాలి. అందులో ప్రతి తేదీకీ ఎదురుగా ఆర్థిక సంవత్సరం, నీటి సంవత్సరం, ఫసలీ, ఖరీఫ్, రబీ అన్నీ విడివిడి కాలమ్‌లుగా ఉండాలి. నివేదిక శీర్షికలో ‘2024-25’ అని కాకుండా ‘2024 జూన్–2025 మే’ అని నెలలతో రాయాలి. శీర్షిక కొంచెం పొడుగవుతుంది, పోనివ్వండి.

కూడకూడనివి కూడటం ఇంకో జబ్బు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నిండితే నిల్వ సుమారు 215 టీఎంసీలు. నెలవారీ పేజీలో డేటా టూల్ తనంతట తాను మొత్తం వేసేస్తుంది. రోజుకు 200 టీఎంసీల చొప్పున ముప్పై రోజులకు 6,000 టీఎంసీలు చూపిస్తుంది. నీటి నిల్వ, గోదాములో ఎరువుల బస్తాలు, బ్యాంకు ఖాతాలో బాకీ, ఇవన్నీ ఒక క్షణంలో ఉన్న స్థితి. ఊళ్ల వారీగా, గోదాముల వారీగా కూడొచ్చు గానీ రోజుల వారీగా కూడకూడదు. నెలకు ఆఖరి రోజుదో, సగటో తీసుకోవాలి. అదే వరద ప్రవాహమైతే కూడొచ్చు, అయితే క్యూసెక్కులుగా కాదు. లక్ష క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు పారితే 8.64 టీఎంసీలు. ఆ మార్పిడి చేసి కూడాలి. శాతాల సగటు కూడా ఇలాంటిదే. వెయ్యి మంది ఉన్న మండలంలో 90 శాతం పని అయింది, తొమ్మిది వేల మంది ఉన్న మండలంలో 50 శాతం అయింది. రెండింటి సగటు 70 అని తెర మీద వస్తే అందరూ సంతోషిస్తారు. నిజానికి పదివేల మందిలో 5,400 మందికే అయింది, అంటే 54 శాతం. ఇలాంటి తప్పు లెక్క మీద అభినందనలు అందుకున్న సందర్భాలు ఏ పెద్ద సంస్థలోనైనా దొరుకుతాయి.

అందుకని సమీక్షకు వెళ్లే ప్రతి ముఖ్యమైన లెక్కకూ ఒక పేజీ నిర్వచన పత్రం ఉండాలి. లెక్క పేరు తెలుగులో, ఇంగ్లిషులో, సూత్రం, ఏవి కలుస్తాయి, ఏవి కలవవు, కొలమానం ఎకరాలా హెక్టార్లా, వేరుశనగైతే కాయా గింజా, ఏ వ్యవస్థ నుంచి వస్తుంది, ఏ గంటకు లెక్క కట్టేస్తారు, బాధ్యుడి హోదా, చివరిసారి మార్చిన తేదీ, ఎందుకు మార్చారు. అంతే. రెండో పేజీకి పోతే ఎవరూ చదవరు. పెద్ద సంస్థలో ఇలాంటి లెక్కలు వందలుంటాయి గానీ నిజంగా గొడవ తెచ్చేవి ఇరవై, ముప్పై మించవు. మొదట వాటికి రాస్తే చాలు. ఆ సూత్రాన్ని ప్రతి నివేదికలోనూ విడిగా రాసుకోకుండా పట్టికలూ సూత్రాలూ ఒకేచోట ఉండే ఉమ్మడి డేటా మోడల్‌లో ఒక్కసారే రాసి, మిగతా నివేదికలన్నీ దాని మీద కట్టాలి. దీనివల్ల ఒక కొత్త ప్రమాదమూ ఉంది. ఉమ్మడి మోడల్‌లో ఒక కాలమ్ పేరు మారిస్తే దాని మీద ఆధారపడిన నలభై నివేదికలు ఒక్కసారిగా పడిపోతాయి. కాబట్టి మార్పు ముందు పరీక్ష కాపీలో చేయాలి, పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన పెట్టి చూడాలి. సమీక్ష ఉన్న రోజు, దాని ముందు రోజు ఏ మార్పూ పైకి ఎక్కించకూడదు.

ఊళ్ల పేర్ల దగ్గర మన సీమవాళ్లం మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒక పట్టికలో యర్రగుంట్ల, ఇంకోదాంట్లో ఎర్రగుంట్ల. ఒకచోట తాడిపత్రి, ఇంకోచోట తాడ్పత్రి. కడప, వైఎస్ఆర్, వైఎస్ఆర్ కడప అని మూడు పేర్లతో డేటా ఉంటే చార్టులో మూడు జిల్లాలు లేస్తాయి. ఇంగ్లిషులో కడప స్పెల్లింగు కూడా మారింది కాబట్టి పాత డేటాలో నాలుగోది కూడా తగులుతుంది. ఇక కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లు ఎన్ని మండలాల్లో ఉన్నాయో చెప్పనక్కర్లేదు. పేరుతో కాకుండా కోడ్‌తోనే పట్టికల్ని కలపాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాకు, మండలానికి, పంచాయతీకి, ఊరికి వేర్వేరు కోడ్‌లు ఉన్నాయి. సొంత కోడ్‌లు కనిపెట్టే బదులు అవే వాడుకోవడం మేలు. తెలుగు పేర్ల విషయంలో ఇంకొకటి: పాత ఫైళ్లలో అను ఫాంట్లలో టైపు చేసిన పేర్లు కాగితం మీద తెలుగే గానీ కంప్యూటరుకు అవి అర్థం లేని గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చకుండా వాటిని డేటాబేసులో వేస్తే వెతకడానికీ, కలపడానికీ పనికిరావు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. 63 మండలాల అనంతపురంలో 31 మిగిలాయి, 32 శ్రీసత్యసాయి జిల్లాకు వెళ్లాయి. కర్నూలు నుంచి నంద్యాల వేరే జిల్లా అయింది, కడప నుంచి కొంత భాగం అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. మండలం పక్కన ‘జిల్లా’ అన్న కాలమ్ ఒక్కటే ఉన్న చోట రెండు తప్పుల్లో ఏదో ఒకటి జరిగింది. పాత డేటాను అలాగే వదిలేస్తే 2022లో అనంతపురం సాగు సగానికి పడిపోయినట్టు గీత కనిపిస్తుంది. పాత డేటాను కూడా కొత్త జిల్లా పేరుతో తిరగరాస్తే, 2019లో అచ్చయిన నివేదికతో ఇప్పటి తెర సరిపోదు. మండలం, జిల్లా, ‘ఎప్పటినుంచి’, ‘ఎప్పటివరకు’ అని నాలుగు కాలమ్‌లు పెట్టుకుంటే చూసేవాళ్లు ‘అప్పటి జిల్లా ప్రకారం’ చూడాలో, ‘ఇప్పటి హద్దుల ప్రకారం’ చూడాలో ఎంచుకోవచ్చు. బ్యాంకు రీజియన్లు మారినా, కంపెనీ సేల్స్ ఏరియాలు మారినా ఇదే మందు. ఈ పని విభజన రోజున చేస్తే ఒక్క రోజు, రెండేళ్ల తర్వాత చేస్తే రెండు నెలలు.

ఎక్సెల్ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. ఎంత పెద్ద డాష్‌బోర్డు పెట్టినా దాని వెనక ఎక్కడో ఒక ఎక్సెల్ ఫైలు ఉంటుంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. కానీ దాని అలవాట్లు తెలిసి ఉండాలి. సర్వే నంబరు 5-2 అని కొడితే అది ఫిబ్రవరి 5గానో, కంప్యూటర్ అమరిక అమెరికా పద్ధతిలో ఉంటే మే 2గానో మారిపోతుంది. తర్వాత ఎంత వెనక్కి మార్చినా 5-2 రాదు, తేదీ తాలూకు ఐదంకెల సంఖ్య వస్తుంది. ఈ బాధ పడలేక జన్యు శాస్త్రవేత్తలు 2020లో ఏకంగా కొన్ని మానవ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లు తేదీలైపోతున్నాయని! మనం రైతుల సర్వే నంబర్లు మార్చలేం కదా, అందుకని అతికించే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టాలి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరులో ఆఖరి అంకె సున్నా అయిపోతుంది, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, డబ్బు వెనక్కి వస్తుంది. పాత ఎక్స్ఎల్ఎస్ రకం ఫైలులో 65,536 వరుసలే పడతాయి. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కకెక్కకపోవడానికి ఈ పాత ఫైలే కారణం. డాష్‌బోర్డులు కట్టే మైక్రోసాఫ్ట్ టూల్ పవర్ బీఐ తెర మీద నుంచి దించుకునేటప్పుడు కూడా ఎక్సెల్‌కు 1,50,000 వరుసలు, సీఎస్‌వీ అనే సాదా పాఠ్య ఫైలుకు 30,000 వరుసలు మాత్రమే వస్తాయి. తెర మీద మొత్తం సరిగ్గానే ఉంటుంది, దించుకున్నది కూడితే తక్కువ వస్తుంది, ‘డాష్‌బోర్డు తప్పు’ అని ఫోను వస్తుంది.

ఇక రెండోది, బాధ్యుడు. నివేదికకు యజమానిగా పేరు రాయకండి, హోదా రాయండి. మన దగ్గర బదిలీల కాలం వచ్చిందంటే నివేదికలు రాలిపోవడం మొదలవుతుంది. కారణం చిన్నదే. డాష్‌బోర్డు కట్టిన ఉద్యోగి తన సొంత లాగిన్‌తోనే డేటాబేసుకు కలిపి ఉంటాడు. అతను బదిలీ అవుతాడు, లేదా మూడు నెలలకోసారి మార్చే పాస్‌వర్డ్ మారుస్తాడు. కొత్త డేటాను తెర మీదికి తెచ్చే రాత్రి రిఫ్రెష్ విఫలమవుతుంది. పవర్ బీఐలో వరుసగా నాలుగుసార్లు విఫలమైతే షెడ్యూలే ఆగిపోతుంది, రెండు నెలలు ఎవరూ ఆ నివేదిక తెరవకపోయినా ఆగిపోతుంది. హెచ్చరిక మెయిల్ వెళ్లేది ఎవరికంటే ఆ బదిలీ అయిన మనిషికే. తెర మాత్రం పాత అంకెల్ని అంతే ధీమాగా చూపిస్తూ ఉంటుంది. విరుగుడు: మనిషికి సంబంధం లేని సర్వీసు ఖాతా ఒకటి, హెచ్చరికలు వెళ్లడానికి ఇద్దరు ముగ్గురు చూసే ఉమ్మడి మెయిల్ ఒకటి. ఆఫీసు సర్వరు నుంచి క్లౌడుకు డేటా పంపే గేట్‌వే సాఫ్ట్‌వేరును ఎవరి టేబుల్ మీది కంప్యూటర్లోనో వేయడం ఇంకో అలవాటు. సాయంత్రం ఆరింటికి స్విచ్ కట్టేసి ఇంటికెళ్తారు, రాత్రి రెండింటి రిఫ్రెష్ ఏం చేస్తుంది పాపం!

రిఫ్రెష్ వేళల్లో మన దేశంలో చూసుకోవాల్సిన గుంత ఒకటుంది. క్లౌడులో గడియారం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం నడుస్తుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున ఐదింటికి రిఫ్రెష్ పెడితే అక్కడ ఇంకా నిన్న రాత్రి పదకొండున్నర. ‘ఈ రోజు’ అన్న లెక్క నిన్నటి తేదీ తీసుకుంటుంది, ‘నిన్న’ అన్నది మొన్నవుతుంది. మధ్యాహ్నం పరీక్షించి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది కాబట్టి కారణం దొరకదు. తేదీ తీసుకునే ముందు ఐదున్నర గంటలు కలపాలి, లేదా పొద్దున ఐదున్నర దాటాకే రిఫ్రెష్ పెట్టాలి. మొదటిదే నమ్మకం. పవర్ బీఐ ప్రో లైసెన్సుకు రోజుకు 8 సార్లు, ప్రీమియానికి 48 సార్లు షెడ్యూల్ రిఫ్రెష్ దొరుకుతుంది. సమీక్ష పదిహేను రోజులకోసారి జరిగే పథకానికి అరగంటకోసారి రిఫ్రెష్ అడిగేవాళ్లకు ‘దేనికి?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

ప్రతి పేజీ పైభాగాన రెండు సమయాలు కనిపించాలి: తెర ఎప్పుడు రిఫ్రెష్ అయింది, డేటా ఎప్పటివరకు ఉంది. ఈ రెండూ ఒకటి కాదు. ఈ పొద్దున ఏడింటికి రిఫ్రెష్ అయిన తెరలో మూడు రోజుల కిందటి డేటా ఉండొచ్చు. సిగ్నల్ అందని పల్లెలో మొబైల్ యాప్‌లో ఎక్కించిన వివరాలు ఆ ఫోను మండల కేంద్రానికి వచ్చాకే సర్వరుకు చేరతాయి. అందుకే జూన్ 30న కనిపించిన జూన్ మొత్తం జులై 4కు పెరుగుతుంది. చూసేవాళ్లకు అది మాయలా, ఇంకా అనుమానిస్తే మోసంలా ఉంటుంది. నెల ముగిశాక ఐదు రోజులు ‘తాత్కాలికం’ అని చూపించి, ఆరో రోజు ‘ఖరారు’ అని ముద్ర వేసి ఆ అంకెల నకలు విడిగా దాచాలి. తర్వాత వచ్చిన సవరణలు పాత నెలను మార్చకుండా ‘సవరణ’ అన్న వేరే వరుసలో చూపాలి.

అజమాయిషీ రెండు రకాలుగా జరగాలి. రోజూ యంత్రం చేసేది ఒకటి: మూలంలో ఎన్ని వరుసలున్నాయి, ఇక్కడికి ఎన్ని వచ్చాయి, మొత్తాలు కలుస్తున్నాయా, ఒకే రికార్డు రెండుసార్లు పడిందా, కోడ్ లేని మండలాలున్నాయా, ఒక్క వరుస కూడా పంపని మండలం ఏది. ఈ ఆఖరిదాన్ని అందరూ మరిచిపోతారు. డేటా పంపని మండలం తెర మీద ‘సున్నా సమస్యలు’ ఉన్న మండలంలా మెరుస్తుంది. నెలకోసారి మనిషి చేసేది రెండోది: పట్టికలోంచి ఇరవై వరుసలు గుడ్డిగా ఎంచుకుని, అవి పుట్టిన రిజిస్టరు దాకా, అవసరమైతే చేను దాకా వెళ్లి చూడటం. యంత్రం పట్టుకోలేనిది ఇక్కడే దొరుకుతుంది. అన్ని వివరాలూ సరైన కాలమ్‌లలో ఉంటాయి, కానీ యాభై మంది రైతులకూ ఒకే ఫోను నంబరు ఉంటుంది.

ఎవరు ఏది చూడాలన్నది చెప్పడానికి సులభం, చేయడంలో తప్పులెక్కువ. మండల అధికారికి తన మండలమే కనిపించేలా వరుసల స్థాయిలో కట్టడి పెట్టొచ్చు. అయితే పవర్ బీఐలో ఆ కట్టడి చూడటానికి మాత్రమే అనుమతి ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. ‘పని జరగట్లేదు’ అని ఎవరైనా గొణిగితే వెంటనే కంట్రిబ్యూటర్‌గా (మార్పులు చేసే అనుమతితో) చేర్చేస్తారు చూడండి, అలా చేర్చినవాళ్లకు జిల్లా అంతా కనిపిస్తుంది. ‘పబ్లిష్ టు వెబ్’ అన్న మీట నొక్కితే ఆ లింకు దొరికిన ఎవరికైనా లాగిన్ లేకుండా డేటా తెరుచుకుంటుంది. లబ్ధిదారుల పేర్లు, ఫోను నంబర్లు, ఆరోగ్య వివరాలు ఉన్న పేజీకి ఆ మీట తాకనివ్వకూడదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది.

అంకెలు లక్షలు, కోట్లలో కనిపించాలన్నది చిన్న సంగతే అయినా చెప్పక తప్పదు. టూల్‌ను ఉన్నదున్నట్టు వదిలేస్తే 12.5 మిలియన్లు అంటుంది. అది 1.25 కోట్లని సమావేశంలో మనసులో లెక్క వేసుకోవడం అందరివల్లా కాదు.

ఇప్పుడు జమాబందీ. మొదట నివేదికలన్నిటికీ ఒక పట్టీ రాయాలి. డాష్‌బోర్డులే కాదు, రోజూ ఆటోమేటిక్‌గా వెళ్లే మెయిల్ నివేదికలు, గూగుల్ షీట్లు, ‘ఈ నమూనాలో సాయంత్రం నాలుగింటికల్లా పంపండి’ అని వాట్సాప్‌లో తిరిగే ఎక్సెల్ ఫార్మాట్లు కూడా అందులోకి ఎక్కాలి. ఆఖరివే ఎక్కువ శ్రమ తింటాయి, ఏ జాబితాలోనూ ఉండవు. ప్రతిదానికీ బాధ్యుడి హోదా, డేటా మూలం, ఎవరికోసం, నెలకు ఎన్ని పనిగంటలు పడుతుంది, చివరిసారి ఎవరు తెరిచారు అన్నవి రాయాలి. తెరిచినవాళ్ల లెక్కలోంచి దాన్ని తయారుచేసినవాళ్లను, పరీక్షించినవాళ్లను తీసెయ్యాలి. తీసేశాక కొన్ని నివేదికలకు చూసేవాళ్లే మిగలరు.

ఇక్కడ తొందరపడితే దెబ్బ తింటాం. టూల్ దగ్గర ఉండే వాడక వివరాలు దాదాపు నెల రోజులవే. వాటిని రోజూ తీసి మన దగ్గర పదమూడు నెలలైనా దాచుకోకపోతే ఖరీఫ్ విత్తనాల నివేదిక జనవరిలో చచ్చినట్టు కనిపిస్తుంది, మార్చి ఆఖరి ముగింపు లెక్క ఆగస్టులో అనవసరం అనిపిస్తుంది. ఏడాదికి ఒక్కరోజే పనికొచ్చే నివేదికలుంటాయి, ఆ ఒక్కరోజు మాత్రం అవి లేకపోతే గడవదు.

పట్టీ అయ్యాక మూడు కుప్పలు: ఉంచేవి, ఒకదానిలో ఒకటి కలిపేవి, తీసేసేవి. ఉంచేవాటిలోనూ నిర్వచన పత్రం, అజమాయిషీ రెండూ ఉన్నవాటికే ‘సర్టిఫైడ్’ ముద్ర ఇవ్వాలి, సమీక్షా సమావేశంలో ఆ ముద్ర ఉన్న తెర మాత్రమే పెట్టాలి. శాఖ లోపల వాడుకునేవి, ఒక ఉద్యోగి తన పనికోసం కట్టుకున్నవి ఉండనివ్వాలి, వాటిని అణగదొక్కితే జనం మళ్లీ వాట్సాప్ ఎక్సెల్‌కే పోతారు. తీసేసేవాటిని చెప్పాపెట్టకుండా ఆపేసి ఎవరు అరుస్తారో చూద్దామనేవాళ్లున్నారు. అది పనిచేస్తుంది గానీ మర్యాద కాదు. నెల రోజుల ముందు ఆ నివేదిక పైనే తేదీతో నోటీసు పెట్టండి, బదులుగా ఏది చూడాలో లింకు ఇవ్వండి. తర్వాత అనుమతులు తీసేసి మూడు నెలలు అలాగే ఉంచండి. ఆ పైన దాని రిఫ్రెష్, మెయిళ్లు, లైసెన్సులు తొలగించి, ఖరారు అంకెల నకలు, నిర్వచన పత్రం మాత్రం భద్రపరచండి. ఆడిట్‌లోనో, సమాచార హక్కు దరఖాస్తులోనో మూడేళ్ల కిందటి అంకె ఎలా వచ్చిందని అడిగితే చూపించడానికి అవి ఉండాలి.

కొత్తది కావాలన్నవాళ్లను కూడా ఈ పట్టీ దగ్గరికే తీసుకురావాలి. ఎవరు చూస్తారు, ఎంత తరచుగా, అంకె పెరిగితే ఏం చేస్తారు, తగ్గితే ఏం చేస్తారు, ఉన్నవాటిలో ఏది ఎందుకు సరిపోదు. పెరిగినా తగ్గినా చేసేదేమీ లేదు, ‘తెలుసుకుందామని’ అంటే ఒకసారి లెక్క తీసి కాగితం మీద ఇచ్చేయండి, డాష్‌బోర్డు కట్టకండి. ఈ పట్టీని చూసుకునే మనిషిని పెద్ద కంపెనీలు ప్రాడక్ట్ మేనేజర్ అంటాయి. పేరు ఏదైనా, ‘ఇది వద్దు’ అని పైఅధికారికి చెప్పగల హోదా అతనికి ఉండాలి. డేటా ఎంట్రీ ఆపరేటరుకు అదనపు బాధ్యతగా అప్పగిస్తే పట్టీ పెరుగుతుందే గానీ తగ్గదు.

ఈ జమాబందీ వేళ గురించి ఒక మాట. ఫసలీ జూన్ 30తో ముగుస్తుంది కదా అని జులైలో పెట్టుకుంటే మన దగ్గర అది విత్తనాల కాలం, ఎవరికీ తీరిక ఉండదు. మార్చి ముగింపు లెక్కలయ్యాక ఏప్రిల్ రెండో పక్షం అనువైనది. రెండు వారాలు చాలు. బదిలీల ఉత్తర్వులు రాకముందే ముగించాలి, ఆ నివేదికను ఎవరు, ఎందుకు అడిగారో తెలిసిన మనిషి అప్పటికింకా ఆ కుర్చీలోనే ఉంటాడు.

ఇట్లు,
నివేదికల పనిలో ఉన్న కొందరు పాఠకులు,
అనంతపురం